పాట ముందా, ముఠా ముందా?

1989 ఆగస్టులో అమెరికాలో ప్రయారిటీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీకి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది ఎఫ్‌బీఐలో ఒక పెద్ద అధికారి. ఎఫ్‌బీఐ అంటే అమెరికా కేంద్ర పోలీసు దర్యాప్తు సంస్థ. మీరు అమ్ముతున్న ఒక పాట పోలీసుల మీద హింసను రెచ్చగొడుతోందని ఆయన అందులో రాశాడు. ఆ పాట పాడినవాళ్ళు లాస్ ఏంజెలెస్ పక్కన ఉన్న కాంప్టన్ కుర్రాళ్ళు. వాళ్ళ బృందం పేరు ఎన్‌డబ్ల్యూఏ. 1988లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ పేరు ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’. రేడియోవాళ్ళు దాన్ని దాదాపు ముట్టుకోలేదు. అయినా లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. ఉత్తరం సంగతి పత్రికలకెక్కాక ఆ పాటకు ఇంకా పేరు వచ్చింది.

ఆ ఉత్తరం వెనక ఉన్న నమ్మకం మనకు కొత్త కాదు. “ఆ పాటలు వినే పిల్లలు చెడిపోతున్నారు” అనే మాట చాట్స్‌వర్త్‌లో, ఫీనిక్స్‌లో, టోంగాట్‌లో పెళ్ళి భోజనాల దగ్గర ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. కారు వెనక సీటులోంచి ఆ బూతులు వినిపించినప్పుడు నేనూ అంటాను. కానీ అనడం వేరు, చూపించడం వేరు.

చూపించడానికి ప్రయత్నించినవి డాక్యుమెంటరీలు. డాక్యుమెంటరీ అంటే కల్పిత కథ కాదు. నిజమైన మనుషులతో, నిజమైన చోట్ల తీసిన చిత్రం. గ్యాంగ్‌స్టర్ ర్యాప్ గురించీ, నేరాల్లోకి దిగిన కుర్రాళ్ళ గురించీ గత ముప్పై నలభై ఏళ్ళలో ఇలాంటివి చాలా వచ్చాయి. కొన్ని పాటను దోషిగా నిలబెట్టాయి. కొన్ని వీధిలో ఎక్కువ రోజులు ఉండి చూశాయి. నేను గమనించింది ఒకటి. కెమెరా వీధిలో ఎంత ఎక్కువ కాలం ఉంటే, కథ అంత వెనక్కి వెళుతుంది. పాట పుట్టక ముందుకు కూడా వెళుతుంది.

తొందరగా తీసే టీవీ చిత్రాలకు ఒక అచ్చు ఉంటుంది. మొదట రాత్రి వీధి, మెల్లగా వెళ్ళే కారు, డబడబమనే సంగీతం. తర్వాత ఒక పాట ముక్క. ముఖానికి గుడ్డ కట్టుకున్న కుర్రాడు. తన ఆఫీసులో కూర్చున్న పోలీసు అధికారి. చివరికి ఏడుస్తున్న తల్లి. పాటకూ ఆ తల్లి కన్నీటికీ మధ్య ఏం జరిగిందో మనకు చెప్పరు. కుర్రాడు ఏ బడికి వెళ్ళాడు? సాయంత్రం అతనికి అన్నం పెట్టేది ఎవరు? నాన్న పని ఎప్పుడు పోయింది? ఇవేవీ ఉండవు. ఆ ఖాళీని చూసేవాళ్ళు పాటతోనే నింపుకుంటారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, ఈ చిత్రాలు పొగను బాగా తీస్తాయి.

నిప్పు ఎక్కడ ఉందో తెలియాలంటే న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌కు వెళ్ళాలి. ‘రబుల్ కింగ్స్’ అనే డాక్యుమెంటరీ 2015లో విడుదలైంది. దర్శకుడు షాన్ నికల్సన్. రబుల్ అంటే శిథిలాలు, కూలిన ఇళ్ళ ఇటుకలూ రాళ్ళూ. 1970ల మొదట్లో బ్రాంక్స్ అలాగే ఉండేది. ఇళ్ళ మధ్యలోంచి పెద్ద రహదారి వేశారు. ఫ్యాక్టరీలు వెళ్ళిపోయాయి. కొందరు యజమానులు బీమా డబ్బు కోసం తమ భవనాలు తామే తగలబెట్టించారు. ఆ శిథిలాల మధ్య పదుల సంఖ్యలో ముఠాలు పుట్టాయి. ముఠా అంటే గ్యాంగ్. ప్రతి ముఠాకూ ఒక పేరు, ఒక జాకెట్టు, దాటకూడని ఒక హద్దు. ర్యాప్ అనేది అప్పటికి ఇంకా లేదు.

1971 డిసెంబరులో ‘ఘెట్టో బ్రదర్స్’ అనే ముఠా తరఫున ఒక యువకుడు గొడవ ఆపడానికి వెళ్ళాడు. శాంతి కోసం వెళ్ళినవాణ్ణే కొట్టి చంపారు. ఇక వీధులు రక్తంతో తడుస్తాయని అందరూ అనుకున్నారు. ఆ ముఠా నాయకుడు బెంజీ మెలెండెజ్ మాత్రం పగ వద్దన్నాడు. కొద్ది రోజులకే హో అవెన్యూలోని ఒక బాలుర క్లబ్బులో ముఠాలన్నీ కూర్చుని మాట్లాడుకున్నాయి. అందరూ ఒక్కసారిగా మంచివాళ్ళు అయిపోలేదు. కానీ ఒకరి వీధిలోకి ఒకరు వెళ్ళడం మొదలైంది. వెళ్ళింది దేనికి? పాటలకు, ఆటలకు, పార్టీలకు. ఘెట్టో బ్రదర్స్‌కైతే సొంత వాద్య బృందమే ఉండేది.

1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలి, దానికి డబ్బు కావాలి, అందుకు పెట్టిన పార్టీ అది. పాటలు వేసినవాడు ఆమె అన్న, కూల్ హెర్క్. హిప్-హాప్ పుట్టిన రోజుగా ఇప్పుడు అందరూ చెప్పుకునేది ఆ రోజునే. అంటే హిప్-హాప్ ముఠాల చేతుల్లోంచి కాకుండా, ముఠాల పట్టు సడలిన చోట పుట్టింది. ఒక చెల్లి బడి బట్టల కోసం పుట్టింది.

ఇక్కడ నేటాల్ వాళ్ళకు నచ్చే ఒక ముక్క చెప్పాలి. ఆ తొలి రోజుల్లో ముఠా కుర్రాళ్ళను సంగీతం వైపు తిప్పినవారిలో ఒకరు ఆఫ్రికా బంబాటా అని పేరు పెట్టుకున్నాడు. తన బృందానికి ‘జులూ నేషన్’ అని పేరు పెట్టాడు. బంబాటా ఎవరో మనకు తెలుసు. 1906లో పన్ను కట్టనని బ్రిటిష్ ప్రభుత్వం మీద తిరగబడిన జులూ నాయకుడు. ఆ కాలంలోనే, ఒప్పందం ముగిసిన మన కూలీల మీద ఏడాదికి 3 పౌండ్ల పన్ను ఉండేది. ‘జులూ’ అనే 1964 నాటి సినిమా చూసి బ్రాంక్స్ కుర్రాడికి ఆ ఆలోచన వచ్చింది. ఆ సినిమాలో జరిగే యుద్ధం రోర్క్స్ డ్రిఫ్ట్‌ది. మన ప్రాంతమే.

1983లో వచ్చిన ‘స్టైల్ వార్స్’ కూడా చూడదగ్గది. రైలు పెట్టెల మీద రాత్రిపూట రంగులు వేసే కుర్రాళ్ళ కథ. నగర మేయరుకు వాళ్ళు నేరస్థులు. కుర్రాళ్ళ దృష్టిలో తాము కళాకారులు. అందులో వంటింట్లో ఒక తల్లీ కొడుకూ ఉంటారు. కొడుకు తన రైళ్ళ గురించి గొప్పగా చెబుతుంటే తల్లికి కోపమూ నవ్వూ కలిసి వస్తాయి. మన ఇళ్ళలో జరిగే గొడవే అది.

ఇప్పుడు దేశం అటు చివర ఉన్న లాస్ ఏంజెలెస్‌కు పోదాం. గ్యాంగ్‌స్టర్ ర్యాప్ అనగానే అందరూ చెప్పే ఊరు అదే.

స్టేసీ పెరాల్టా తీసిన ‘క్రిప్స్ అండ్ బ్లడ్స్: మేడ్ ఇన్ అమెరికా’ 2008లో వచ్చింది. నటుడు ఫారెస్ట్ విటేకర్ గొంతు ఇచ్చాడు. క్రిప్స్, బ్లడ్స్ అనేవి రెండు పెద్ద ముఠాల పేర్లు. క్రిప్స్‌ది నీలం రంగు, బ్లడ్స్‌ది ఎరుపు. ఈ చిత్రం ర్యాప్‌తో మొదలుకాదు. ఇంచుమించు 1950ల నుంచి మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్యాక్టరీ పనుల కోసం దక్షిణ రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు వేల సంఖ్యలో లాస్ ఏంజెలెస్ వచ్చాయి. పని దొరికింది. ఇల్లు మాత్రం నచ్చిన చోట దొరకలేదు. నల్లవారికి అమ్మకూడదని ఇంటి పత్రాల్లోనే రాసి ఉండేది. 1948లో సుప్రీంకోర్టు ఆ షరతులు చెల్లవన్నా, వీధుల మధ్య గీతలు చెరిగిపోలేదు.

ఆ చిత్రంలో పెద్దవయసు మనుషులు తమ చిన్నతనం చెబుతారు. మిగతా పిల్లల్లా స్కౌట్లలో చేరాలని ఉండేది, తమను చేర్చుకోలేదు. అందుకని సొంత క్లబ్బులు పెట్టుకున్నారు. స్లాసన్స్, గ్లాడియేటర్స్, బిజినెస్‌మెన్ ఇలాంటి పేర్లు. కొట్టుకునేవాళ్ళు, కానీ చేతులతో. 1965 ఆగస్టులో వాట్స్ ప్రాంతంలో పోలీసులు ఒక నల్లజాతి యువకుణ్ణి పట్టుకున్నప్పుడు గొడవ చెలరేగింది. ఆరు రోజుల్లో 34 మంది చనిపోయారు. తర్వాత కొన్నేళ్ళు చాలామంది కుర్రాళ్ళు ముఠాలు వదిలి బ్లాక్ పాంథర్స్ లాంటి రాజకీయ పార్టీల వైపు వెళ్ళారు. ఆ నాయకుల్లో కొందరు హత్యకు గురయ్యారు, కొందరు జైలుకు వెళ్ళారు. అన్నలు లేని వీధిలో పదిహేనేళ్ళ పిల్లలు మిగిలారు. 1969 ప్రాంతంలో క్రిప్స్ పుట్టింది అలాంటి వీధిలోనే. వాళ్ళ నుంచి కాపాడుకోవడానికి వేరే వీధులవాళ్ళు కలిసి బ్లడ్స్ అయ్యారు.

ఆపైన పనులు పోయాయి. సౌత్ గేట్‌లో ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అక్కడే ఉన్న జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. చదువు ఎక్కువ లేకపోయినా ఒక మనిషి పనిచేసి ఇల్లు నడపగలిగిన ఉద్యోగాలు అవి. ఆ ఖాళీలోకి క్రాక్ అనే చవక కొకైన్ వచ్చింది. దాని వెనకే తుపాకులు వచ్చాయి.

ఇంత జరిగాక, 1988లో, ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’ వచ్చింది. క్రిప్స్ పుట్టి అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళు. ఎఫ్‌బీఐ ఉత్తరం చదివేవారికి ఈ లెక్క కనిపించదు.

ఇదే కథను లోపలి నుంచి చెప్పినవాడు క్లే స్లోన్. అతను స్వయంగా బ్లడ్స్ ముఠా మనిషి. 2005లో ‘బాస్టర్డ్స్ ఆఫ్ ద పార్టీ’ అనే చిత్రం తీశాడు. పేరు మొరటుగా ఉంది, నిజమే. ఇక్కడ పార్టీ అంటే విందు కాదు, బ్లాక్ పాంథర్ పార్టీ. దిక్కులేకుండా మిగిలిపోయిన ఆ పార్టీ సంతానమే ముఠాలు అని దాని భావం. మైక్ డేవిస్ రాసిన ‘సిటీ ఆఫ్ క్వార్ట్జ్’ అనే నగర చరిత్ర పుస్తకం చదివాక అతనికి ఆ ఆలోచన వచ్చింది. తన వీధికి ఒక చరిత్ర ఉందని ఒక ముఠా మనిషికి పుస్తకం చెప్పడం, ఆ పుస్తకం పట్టుకుని అతను కెమెరా వెనక్కి వెళ్ళడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. అనుభవం ఉన్నవాడు అడిగే ప్రశ్న బయటివాడు అడిగే ప్రశ్నలా ఉండదు. ఏ పాట విన్నావని స్లోన్ ఎవరినీ అడగడు. పక్క వీధివాణ్ణి శత్రువు అని నాకు ఎవరు చెప్పారు అని తవ్వుతాడు.

మరొక మాట. 1992 ఏప్రిల్‌లో వాట్స్‌లో క్రిప్స్, బ్లడ్స్ ముఠాలవాళ్ళు కొందరు శాంతి ఒప్పందం చేసుకున్నారు. దాని నమూనా కోసం 1949లో ఇజ్రాయెల్, ఈజిప్టు మధ్య జరిగిన యుద్ధ విరమణ ఒప్పందాన్ని చూశారట. ముఖానికి గుడ్డ కట్టుకున్న కుర్రాడి బొమ్మ మనకు ఎన్నో చిత్రాల్లో కనిపిస్తుంది. ఆ ఒప్పందం రాసుకున్న బల్ల మాత్రం అరుదు.

ఇక పాటగాళ్ళు. ఎన్‌డబ్ల్యూఏలో పాటలు రాసిన ఐస్ క్యూబ్ ఆ ఆల్బమ్‌కు ముందు ఏడాది ఫీనిక్స్ వెళ్ళి భవనాల నక్షాలు గీయడం చదువుకున్నాడు. మన ఫీనిక్స్ కాదు, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్. పాటలు ఆడకపోతే నక్షాలు గీసుకుని బతుకుదామని. టూపాక్ షకూర్ బాల్టిమోర్‌లోని కళల పాఠశాలలో నటన, కవిత్వం, బ్యాలే నాట్యం నేర్చుకున్నాడు. 2003లో వచ్చిన ‘టూపాక్: రిసరెక్షన్’ అతని గొంతుతోనే అతని కథ చెబుతుంది. ఆ చిత్రం ఆస్కార్ పోటీ దాకా వెళ్ళింది. చూస్తున్నంతసేపూ ఒక తెలివైన, చదువుకున్న కుర్రాడు కనిపిస్తాడు. అయినా 1996 సెప్టెంబరులో లాస్ వేగస్‌లో తుపాకీ దెబ్బలకు చనిపోయాడు. వయసు 25. నాటకంలో వేసుకున్న వేషం ముఖానికి అంటుకుపోయింది. పాట ఏ పాపమూ ఎరగదు అనేవాళ్ళతో నేను ఏకీభవించలేనిది ఇక్కడే.

అయితే లెక్క కూడా చూడాలి. అమెరికాలో హింసాత్మక నేరాలకు పట్టుబడే మైనర్ల రేటు 1994లో అన్నిటికన్నా ఎక్కువకు చేరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చి సగానికన్నా కిందికి పోయింది. అదే కాలంలో హిప్-హాప్ పెరుగుతూనే ఉంది. 2017 నాటికి ఆ దేశంలో అందరికన్నా ఎక్కువగా వినే సంగీతం హిప్-హాప్, ఆర్ అండ్ బీలదే అయింది. పాటే పిల్లల్ని నేరస్థుల్ని చేసేదైతే ఈ రెండు గీతలూ కలిసి పైకి వెళ్ళాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి.

మరి పాట చేసే పని ఏమిటి? దీనికి నాకు తెలిసినంతలో మంచి జవాబు బైరన్ హర్ట్ తీసిన ‘హిప్-హాప్: బియాండ్ బీట్స్ అండ్ రైమ్స్’లో ఉంది. 2006లో మొదట ప్రదర్శించారు. మరుసటి ఏడాది అమెరికా పబ్లిక్ టీవీలో వచ్చింది. హర్ట్ హిప్-హాప్ అభిమాని. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడినవాడు. అభిమానిగానే అడుగుతాడు, నేను ప్రేమించే ఈ పాటల్లో ఎప్పుడూ ఎవరినో ఒకరిని చంపడం ఎందుకు, ఆడవాళ్ళను ఇంత నీచంగా మాట్లాడటం ఎందుకు అని. ఒక చోట పేరు కోసం తపిస్తున్న కుర్రాళ్ళు అతని కెమెరా ముందు పాడతారు. అందరివీ తుపాకులే. ఇంకేమీ లేదా అని అడిగితే, వాళ్ళలో ఒకడు వెంటనే వేరే రకం పాట పాడి చూపిస్తాడు. ఆలోచన ఉన్న పాట. కానీ అలాంటి పాటకు ఏ కంపెనీ సంతకం పెట్టదు అంటాడు.

నాలుగైదు నిమిషాల ఆ ముక్క చూస్తే విషయం తెలిసిపోతుంది. ఆ కుర్రాడికి రెండు పాటలూ వచ్చు. కొనేవాడు ఒకటే అడుగుతున్నాడు. కొనేవాళ్ళలో చాలామంది ఆ వీధి ఎప్పుడూ చూడనివాళ్ళు. ముఠాను పాట కనలేదు, కానీ ముఠా బతుక్కు ధర కట్టింది. ఒకసారి ధర కట్టాక, దూరాన ఉన్న పిల్లలకు అది సరుకులా కనిపిస్తుంది.

దూరం ఎంత అంటే, లిటిల్ రాక్ అంత. ఆర్కన్సా రాష్ట్రంలో ఉన్న ఈ ఊరు లాస్ ఏంజెలెస్‌కు రెండు వేల కిలోమీటర్లకు పైనే. 1990ల మొదట్లో అక్కడ కూడా నీలం, ఎరుపు రుమాళ్ళు కట్టుకున్న క్రిప్స్, బ్లడ్స్ తయారయ్యారు. హెచ్‌బీవో టీవీ 1994లో వాళ్ళ మీద ‘గ్యాంగ్ వార్: బ్యాంగిన్ ఇన్ లిటిల్ రాక్’ చూపించింది. దర్శకుడు మార్క్ లెవిన్. కొత్తవాణ్ణి ముఠాలో చేర్చుకునేటప్పుడు అందరూ కలిసి కొట్టడం కూడా అందులో ఉంది. తుపాకులు పట్టుకుని కెమెరా ముందు నిలబడిన పిల్లలు ఉన్నారు. ఊరి పెద్దలకు అది నచ్చలేదు. వేషం ఎంత దూరమైనా ప్రయాణం చేస్తుందని ఒప్పుకోవాలి. పాటలూ, సినిమాలూ, ఊళ్ళు మారిన మనుషులూ దాన్ని మోసుకెళ్ళారు.

డాక్యుమెంటరీ కూడా ఆ మోసేవాళ్ళలో ఒకటి కాదా? మన శనివారం తెలుగు తరగతిలో పెద్ద పిల్లలకు ఇలాంటి చిత్రాల ముక్కలు కొన్ని చూపించాను. పదహారేళ్ళ అబ్బాయి ఒకడు మొదట అడిగింది, “ఆంటీ, ఈ అన్న ఇప్పుడు ఫేమస్ అయిపోయాడా?” అని. అతని పక్కన కూర్చున్న అమ్మాయి అడిగింది, “వీళ్ళ అవ్వ ఎక్కడుంది? ఒక్కసారి కూడా చూపించలేదు.” ఒకే తెర, ఒకే ముక్క. భయపెట్టాలని తీసినది అబ్బాయికి పోస్టరులా కనిపించింది. కెమెరా ఎటు తిరగలేదో అమ్మాయి పట్టుకుంది. పదేళ్ళ తర్వాత లెవిన్ మళ్ళీ లిటిల్ రాక్ వెళ్ళి రెండో చిత్రం తీశాడు. మొదటి దాంట్లో ముఠా నాయకుడిగా కనిపించిన మనిషి జైలు నుంచి తిరిగొచ్చి, అదే పేటలో పిల్లల కోసం పనిచేస్తూ కనిపిస్తాడు. మొదటి చిత్రం చూపించేవాళ్ళు రెండోది కూడా చూపించాలి. కానీ మొదటిదానికి ఉన్నంత పేరు రెండోదానికి లేదు.

లండన్ సంగతి క్లుప్తంగా. అక్కడ డ్రిల్ అనే ర్యాప్ వచ్చాక పోలీసులు పాటనే పట్టుకున్నారు. బీబీసీ త్రీ 2020లో చూపించిన ‘డిఫెండింగ్ డిగ్గా డీ’లో ఒక యువ గాయకుడి మీద కోర్టు పెట్టిన ఆంక్షలు చూడవచ్చు. కొత్త పాట పెడితే ఒక రోజులోగా పోలీసులకు చెప్పాలి, పాట మాటలు కూడా ఇవ్వాలి. అతనూ స్నేహితులూ కత్తులతో పట్టుబడ్డ మాట నిజం, అందుకు శిక్ష పడింది. పాటలు రాయడం మీద కూడా కాపలా పెట్టడం వేరే సంగతి. అమెరికా కోర్టుల్లో ర్యాప్ మాటలనే సాక్ష్యంగా వాడటం గురించి 2024లో ‘యాజ్ వీ స్పీక్’ అనే చిత్రం వచ్చింది.

ఇక మన దేశం. పాటల మీద కోపం వచ్చినప్పుడు నేను సోఫియాటౌన్‌ను గుర్తు చేసుకుంటాను. 1940లు, 50లలో జొహానెస్‌బర్గ్‌లోని ఆ పేటలో ఒక ముఠా పేరు ‘ది అమెరికన్స్’. అమెరికా బట్టలు, అమెరికా కార్లు, అమెరికా యాస. 1948లో వచ్చిన ‘ది స్ట్రీట్ విత్ నో నేమ్’ అనే హాలీవుడ్ సినిమాలో రిచర్డ్ విడ్‌మార్క్ వేసిన స్టైల్స్ అనే దొంగ నాయకుడు అక్కడి కుర్రాళ్ళకు దేవుడు. పొడుగు కోటుతో సహా అనుకరించారు. అప్పటి పెద్దలు సినిమాను తిట్టారు. 1955లో ప్రభుత్వం సోఫియాటౌన్‌ను ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. సినిమా హాలుతో పాటు ఇళ్ళనూ కూల్చింది. ముఠాలు ఆగలేదు.

కేప్ టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ నుంచి సుమారు 60,000 మందిని తరిమి, ఇసుక నేల మీద కట్టిన కేప్ ఫ్లాట్స్‌లో పడేశారు. అవ్వ ఒక చోట, పెద్దమ్మ ఒక చోట, ఇరుగుపొరుగు ఇంకో చోట. పిల్లవాడు వీధిలో తప్పు చేస్తే చెవి పట్టుకుని ఇంటికి తెచ్చే మనిషి లేకుండా పోయింది. అక్కడి పెద్ద ముఠాల్లో ఒకటి కూడా ‘అమెరికన్స్’ అనే పేరే పెట్టుకుంది. టూపాక్ బొమ్మ ఆ గోడల మీదకు వచ్చింది చాలా తర్వాత. జైళ్ళలోని ‘నంబర్స్’ ముఠాలకైతే వందేళ్ళు పైబడిన చరిత్ర. అదే కేప్ టౌన్ నుంచి ‘ప్రాఫెట్స్ ఆఫ్ ద సిటీ’ అనే హిప్-హాప్ బృందం వచ్చింది. 1990లో ‘అవర్ వరల్డ్’ అనే ఆల్బమ్ తెచ్చింది. వర్ణవివక్ష మీద పాడింది, బడులకు వెళ్ళి మాదకద్రవ్యాలు వద్దని పిల్లలకు చెప్పింది. అదే వీధి, అదే రకం పాట.

డర్బన్ కథ ఇంతకన్నా వేరుగా లేదు. గ్రే స్ట్రీట్ ప్రాంతంలో ‘క్రిమ్సన్ లీగ్’, ‘సాలట్స్’ అనే భారతీయ ముఠాలు ర్యాప్ పుట్టక ముందే ఉండేవి. మన తాతల తరానికి ఆ పేర్లు బాగా తెలుసు. తమిళ, తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉన్న మ్యాగజిన్ బ్యారక్స్‌ను 1960లలో ఖాళీ చేయించి జనాన్ని చాట్స్‌వర్త్‌కు పంపారు. గుడి, బడి, మైదానం, నాటకాల బృందం ఉన్న చోటు అది. చాట్స్‌వర్త్‌లో ఇళ్ళు ముందు వచ్చాయి, మిగతావి మెల్లగా వచ్చాయి. ఆ తర్వాత ‘షుగర్స్’ వచ్చింది. చవక హెరాయిన్ కలిపిన ఆ పొడి గురించి ఏ అమెరికా ర్యాపరూ పాడి మన పిల్లలకు నేర్పలేదు. పక్కింటి స్నేహితుడు ఇచ్చాడు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. సావాసం అంటే కలిసి తిరగడం, కలిసి ఉండడం. పాటతో కూడా సావాసం ఉంటుంది, కాదనను. కానీ పాట సాయంత్రం ఐదింటికి గేటు దగ్గర నిలబడి పిలవదు.

ఈ చిత్రాలు పిల్లలతో కలిసి చూడాలనుకునేవారికి నా సలహా వరస ఇది. మొదట ‘స్టైల్ వార్స్’, తర్వాత ‘రబుల్ కింగ్స్’. పదిహేను దాటినవాళ్ళతో ‘మేడ్ ఇన్ అమెరికా’. హర్ట్ చిత్రం పదహారు నిండినవాళ్ళకు. అందులో ఆడవాళ్ళ గురించి వినిపించే మాటలు చాలా ఘోరంగా ఉంటాయి, ముందు మీరు ఒంటరిగా చూడండి. అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మధ్యలో ఆపి, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే పిల్లల్ని అడగండి. ఈ కుర్రాడు ఎక్కడ పుట్టాడు? వాళ్ళ నాన్న ఏ పని చేసేవాడు? ఆ పని ఎప్పుడు పోయింది? కెమెరా ఎవరి ఇంట్లోకి వెళ్ళలేదు? మా తరగతిలో ఈ నాలుగు ప్రశ్నలకే గంట సరిపోలేదు. వచ్చే శనివారం లిటిల్ రాక్ రెండో చిత్రం చూడాలని పిల్లలే అడిగారు.